సర్కారు వేలం వేసిన ఊళ్ళు

కోస్తా జిల్లాల్లో పాత పొలం కొనబోతే, పని తెలిసిన లాయరు దస్తావేజులు తిరగేసే ముందే ఒక ప్రశ్న వేస్తాడు: "అది ఎస్టేటు గ్రామమా, రైత్వారీ గ్రామమా?" ఎస్టేటు గ్రామంలో శిస్తు జమీందారులాంటి మధ్యవాడికి పోయేది, రైత్వారీ గ్రామంలో రైతే నేరుగా సర్కారుకు కట్టేవాడు. కొనేవాడు తెల్లమొహం వేస్తాడు. అమ్మేవాడికీ తెలియదు. తాత దున్నాడు, నాన్న దున్నాడు, పాస్‌బుక్కు ఉంది, ఇంకేం కావాలంటాడు. లాయరు వదలడు. రైత్వారీ గ్రామమైతే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (శిస్తు మళ్ళీ నిర్ణయించినప్పుడు రాసిన పుస్తకం) ఆ సర్వే నంబరుకు ఎదురుగా ఏం రాసి ఉందో చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఎస్టేటు గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద జరిగిన సెటిల్‌మెంటు దాకా వెళ్ళాలి. ఎవరికి పట్టా ఇచ్చారు, దేన్ని సర్కారు భూమిగా రాసుకున్నారు అని చూడాలి. ఆ ఒక్క గడిలో తేడా వస్తే పొలం నిషేధిత జాబితాలోకి, అందరూ 22-ఏ అని పిలిచే దాంట్లోకి పోయి, రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

పక్కపక్కనే ఉన్న ఊళ్ళకు ఈ రెండు రకాల చరిత్ర ఎలా వచ్చింది? విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం లాంటి పాత సంస్థానాల కింద ఉన్న ఊళ్ళు ఎస్టేట్లు కావడం తేలికగానే అర్థమవుతుంది. అయితే ఏ జమీందారూ లేని ఊళ్ళు, నేరుగా సర్కారు చేతిలోనే ఉన్న ఊళ్ళు కూడా ఎస్టేట్లయ్యాయి. ఈస్టిండియా కంపెనీ వాటిని తానే ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక ధర పెట్టి, 1802 నుంచి మొదలుపెట్టి వేలంపాటలో అమ్మేసింది. అమ్మిన కొద్ది ఏళ్ళకే అది తప్పా ఒప్పా అని మద్రాసు, కలకత్తా, లండన్ తగవుపడ్డాయి. ఇరవై ఏళ్ళు నడిచిన ఆ తగవును చాలామంది రైత్వారీని నిలబెట్టిన కంపెనీ అధికారి థామస్ మన్రోకు, జమీందారీ పద్ధతికి మధ్య పోటీగా చెప్పి వదిలేస్తారు. అలా చెబితే అసలు ముడి కనిపించకుండా పోతుంది. అమ్మినదేమిటి? అమ్మినవాడికి అది సొంతమా? చిక్కంతా ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఉంది. వేలం వేసిన రోజున వీటిని అడిగినవాళ్ళు లేరు.

హవేలీ భూములు

హవేలీ అంటే ఇవాళ మనకు పెద్ద భవనం గుర్తొస్తుంది. రెవెన్యూ భాషలో దానికి వేరే అర్థం ఉండేది. నవాబుల కాలంలో పరగణాలు చాలావరకు జమీందార్ల చేతిలో ఉండేవి. వాళ్ళు సర్కారుకు పేష్కషు, అంటే ఏటా ఖాయమైన కప్పం కట్టి, తమ ప్రాంతాన్ని తామే ఏలుకునేవారు. పట్టణాల చుట్టూ, కోటల చుట్టూ ఉన్న కొన్ని ఊళ్ళను మాత్రం సర్కారు తన కింద అట్టిపెట్టుకునేది. దండుకు గ్రాసం, కోట ఖర్చు, అధికారుల జీతాలు వాటి మీద నడిచేవి. ఆ ఊళ్ళే హవేలీ భూములు. ఖమ్మంలో ఖానాపురం హవేలి, మెదక్ జిల్లాలో హవేలీ ఘన్‌పూర్ అనే పేర్లలో ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, మరుసటి ఏడు నిజాం ఒప్పందంతో ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికి వచ్చాయి. చికాకోలు, అంటే నేటి శ్రీకాకుళం, రాజమండ్రి, మచిలీపట్నం చుట్టూ ఉన్న హవేలీ ఊళ్ళు కూడా వాటితోపాటే వచ్చాయి. గుంటూరు 1788లో కలిసింది. మొదట్లో కంపెనీకి ఈ ఊళ్ళను ఏం చేయాలో తెలియలేదు. మచిలీపట్నంలోనూ విశాఖపట్నంలోనూ ఉన్న కంపెనీ పెద్దలు వాటిని ఇజారాకు, అంటే శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవారు. ఇజారాదారుకు రెండు మూడేళ్ళ గడువు. ఆ గడువులో ఎంత పిండుకుంటే అంత లాభం. చెరువు గట్టు తెగితే కట్టించాల్సిన అవసరం అతనికి లేదు, వచ్చే ఏడు ఆ ఊరు ఇంకొకడిది. అసలు లెక్కలేమిటో చూడమని 1776లో సర్క్యూట్ కమిటీ వేశారు. రెండేళ్ళు తిరక్కుండానే గవర్నరు రంబోల్డ్ దాన్ని ఆపేసి, జమీందార్లను మద్రాసుకే పిలిపించుకుని బేరాలు మాట్లాడాడు. కమిటీని 1783లో మళ్ళీ వేసి, 1788లో మళ్ళీ ఎత్తేశారు. ఆ వెంటనే 1790 నుంచి 1792 దాకా ఉత్తర సర్కార్లను పెద్ద కరువు పట్టింది. 1794లో ఆ పాత కౌన్సిళ్ళు పోయి కలెక్టర్లు వచ్చారు.

కరువుకు చితికిపోయిన ఊళ్ళు, సగంలో ఆగిన లెక్కలు, కొత్తగా వచ్చిన కలెక్టర్లు. అమ్మకం ఆలోచన వచ్చేసరికి నేల మీద పరిస్థితి అది.

తొందర ఎవరిది

1793లో కారన్‌వాలిస్ బెంగాల్లో శాశ్వత శిస్తు ఒప్పందం చేశాడు. జమీందారు కట్టాల్సిన మొత్తాన్ని ఎప్పటికీ మారకుండా ఖాయం చేసి, భూమి మీద అతనికి సొంతదారు హక్కు ఇచ్చాడు. శిస్తు పెరగదన్న భరోసా ఉంటే జమీందారు భూమిని బాగుచేసుకుంటాడని ఆశ. మద్రాసులోనూ అదే చేయమని లండన్‌లోని డైరెక్టర్లు ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు, మద్రాసు వాయిదా వేస్తూ వచ్చింది. 1798లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లెస్లీకి ఓపిక లేదు. 1799లో టిప్పు సుల్తాను పడిపోయాక, ఇక ఆలస్యం కూడదని కలకత్తా నుంచి మద్రాసుకు గట్టిగా ఆదేశం వెళ్ళింది.

పాత జమీందార్ల విషయంలో ఆ ఆదేశానికి అర్థం ఉంది. వాళ్ళు అప్పటికే ఉన్నారు, వాళ్ళకు సనదు, అంటే హక్కు పత్రం ఇస్తే సరిపోతుంది. మరి జమీందారే లేని హవేలీ ఊళ్ళ మాటేమిటి? బెంగాల్ నమూనాలో ప్రతి ఊరికీ ఒక సొంతదారు ఉండి తీరాలి. లేకపోతే తయారుచేయాలి. తయారుచేయడానికి దొరికిన దారి వేలంపాట.

పద్ధతి ఇది. ఊళ్ళను కలిపి, ఏడాదికి సుమారు 1,000 నుంచి 5,000 వరహాల శిస్తు వచ్చే పరిమాణంలో ముక్కలు చేశారు. మద్రాసులో చెలామణి అయ్యే ఆ స్టార్ వరహా ఒక్కటి మూడున్నర రూపాయలతో సమానం. ఆ ముక్కలను ఉత్తర సర్కార్లలో ముఠాలు అన్నారు, కొన్నవాడు ముఠాదారు. సేలం వైపు అదే మాట మిట్టా అయింది. గత కొన్నేళ్ళ వసూళ్ళను చూసి ముఠాకు శాశ్వత పేష్కషు ఖాయం చేశారు. ఆ తర్వాత ఎవరెక్కువ పాడితే వాళ్ళకు కొట్టేశారు. పాడిన ధర ఒక్కసారి కట్టేది. పేష్కషు మాత్రం ఏటేటా, కిస్తీల వారీగా, కొన్నవాడూ అతని వారసులూ కట్టాల్సింది.

ఈ అమ్మకానికి ముందు సర్వే జరగలేదు. ఏ ఊళ్ళో ఎన్ని ఎకరాలు, ఎంత మాగాణి, ఎంత మెట్ట, ఎంత బంజరు అన్నది సర్కారు కొలిచి చూసుకోలేదు. చేతిలో ఉన్నవి ఇజారాదార్ల కాలం నాటి వసూలు లెక్కలు, కరణాల కవిలెలు, అంటే ఊరి లెక్కల పుస్తకాలు. దోపిడీ జరిగిన ఏళ్ళ వసూళ్ళు, కరువు ఏళ్ళ వసూళ్ళు కలిపి తీసిన సరాసరి మీద శాశ్వతమైన అంకె నిలబెట్టారు. మొత్తం కథలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఈ ఘట్టమే. ఒక తరం చేసిన అడ్డగోలు వసూళ్ళను తర్వాతి తరాలన్నిటికీ కొలబద్ద చేశారు.

సనదులో ఏముంది

1802 జులై 13న మద్రాసు ప్రభుత్వం 25వ రెగ్యులేషన్ తెచ్చింది. దాని కింద ముఠాదారుకు ఇచ్చిన పత్రం పేరు సనద్-ఎ-మిల్కియత్-ఎ-ఇస్తిమ్రార్. మిల్కియత్ అంటే సొంతం, ఇస్తిమ్రార్ అంటే శాశ్వతం. బదులుగా అతను ఖబూలియత్ రాసిచ్చాడు, అంటే ఒప్పుకోలు పత్రం. పేరు చూస్తే భూమి మొత్తం అతనిదే అనిపిస్తుంది. లోపల చదివితే సంగతి వేరు. ఉప్పు, సాయరు (సరుకుల మీద) సుంకాలు, ఆబ్కారీ (మద్యం మీద పన్ను) సర్కారువే. ఇనాం భూములు లెక్కలో లేవు. పోలీసు అధికారం లేదు. శిస్తు బకాయిపడితే ఎస్టేటును సర్కారు మళ్ళీ వేలం వేయవచ్చు.

మరి మిగిలిందేమిటి? ఊరి పంటలో సర్కారుకు వచ్చే వాటాను వసూలు చేసుకునే హక్కు. రైతు భాషలో అది మేల్వారం. దున్నుకునే హక్కు, అంటే కుడివారం, ఊళ్ళో రైతు కుటుంబాలది. తరతరాలుగా ఎవరి చెక్క ఎవరిదో ఊరికి తెలుసు, కరణానికి తెలుసు. సర్కారుకు అమ్ముకోవడానికి ఉన్నది మేల్వారం ఒక్కటే. రెగ్యులేషన్ పీఠికలో, సనదులో రాసింది మాత్రం భూమి మీద సొంతదారు హక్కు అని. ఇంగ్లండు చట్టంలో భూమికి ఒక సొంతదారు ఉంటాడు, మిగిలినవాళ్ళు అతని కౌలుదార్లు. మన ఊళ్ళో ఒకే చెక్క మీద సర్కారుకు ఒక హక్కు, రైతుకు ఒక హక్కు, ఇనాందారుకు ఒక హక్కు, కమ్మరికీ కుమ్మరికీ కళ్ళంలో కొలిచే గింజల్లో ఒక హక్కు ఉండేవి. అన్ని హక్కుల మీదా ఒకే మాట పరిచేశారు. 1908 దాకా కోర్టులు విప్పుతూ కూర్చున్నది ఆ ముడినే.

అదే ఏడాది వచ్చిన మిగతా రెగ్యులేషన్లు చూస్తే రైతు ఎలా ఇరుక్కున్నాడో అర్థమవుతుంది. 30వ రెగ్యులేషన్ ప్రకారం ముఠాదారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చిలికా, అంటే బదులు ఒప్పుకోలు కాగితం రాసివ్వాలి. కాగితం మీద అది రైతుకు రక్షణే. 28వ రెగ్యులేషన్ ప్రకారం శిస్తు ఇవ్వని రైతు పంటను, పశువులను ముఠాదారు జప్తు చేయవచ్చు. కోర్టుకు వెళ్ళాల్సింది రైతు, అదీ జప్తు జరిగిపోయాక. 29వ రెగ్యులేషన్‌తో కరణాల నియామకం కూడా ఎస్టేటుదారు చేతికి వెళ్ళింది. ఊరి హక్కులకు సాక్ష్యం కరణం కవిలెలోనే ఉండేది. ఆ కవిలె రాసే మనిషి ఇప్పుడు ముఠాదారు కింద మనిషి.

ఒక ముఠా లెక్క

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక ముఠాను ఊహించుకుందాం. పది ఊళ్ళు, మంచి ఏడాదిలో రైతుల దగ్గర వసూలయ్యేది 4,000 వరహాలు. సర్కారు ఖాయం చేసిన పేష్కషు 3,000. పైన వెయ్యి మిగులుతుంది కదా అని ఒక వర్తకుడు 3,000 వరహాలకు పాట పాడాడు. చేతిలో అంత లేదు, సాహుకారు దగ్గర నూటికి పన్నెండు వడ్డీకి తెచ్చాడు. వడ్డీకే ఏడాదికి 360 పోతాయి. వసూలు చేసే అమీనుకూ గుమాస్తాలకూ కలిపి మూడు వందలు. చేతిలో మిగిలేది మూడు వందల చిల్లర. చెరువు గట్టు వేయించాలన్నా, రైతుకు విత్తనాలకు తకావీ (అప్పు) ఇవ్వాలన్నా అందులోంచే ఇవ్వాలి.

ఒక్క ఏడు వాన తప్పింది. వసూలు 2,600. పేష్కషు 3,000 అలాగే ఉంది. పూర్వం సర్కారు అయితే పంట పోయిన ఏడు జమాబందీలో, అంటే ఏటా శిస్తు తేల్చే లెక్కలో ఎంతో కొంత మాఫీ చేసేది. ఇప్పుడు ఒప్పందం శాశ్వతం, మాఫీ లేదు. ముఠాదారుకు రెండే దారులు: రైతుల మీద జప్తులు పెంచడం, లేదా బకాయిపడి ముఠాను పోగొట్టుకోవడం. చాలామంది మొదటిది చేసి, ఆ తర్వాత రెండోది కూడా చూశారు.

పాడినవాళ్ళు ఎవరు? చుట్టుపక్కల పాత జమీందార్లు కొన్నారు, వాళ్ళకు పరపతి ఉంది, ఒక చోట పోయినా ఇంకో చోట తట్టుకోగలరు. వర్తకులు కొన్నారు. పాత ఇజారాదార్లు కొన్నారు. చెంగల్పట్టు వైపు మద్రాసు దుబాషీలు, అంటే దొరల దగ్గర మధ్యవర్తులుగా ఉన్నవాళ్ళు కొన్నారు. దున్నే రైతు పాటలో లేడు. ఊరంతా చందాలు వేసుకుని తమ ఊరిని తామే కొనుక్కోవచ్చుగా అని ఈనాడు అనిపిస్తుంది. వేలంలో పెట్టింది ఊరిని కాదు, ముఠాను. కంపెనీకి పది ఊళ్ళకు ఒక్క మనిషి జవాబుదారీగా కావాలి.

కూలిన ముఠాలు, మొదలైన తగవు

పదేళ్ళు గడవకుండానే ముఠాలు విరగడం మొదలైంది. దిండిగల్లులో, చెంగల్పట్టులో, సేలంలో పరిస్థితి మరీ దారుణం. ఉత్తర సర్కార్లలో కొన్ని ముఠాలు పెద్ద జమీందార్ల చేతికి పోయాయి, కొన్ని చేతులు మారుతూ వచ్చాయి, కొన్నిటికి మళ్ళీ వేలం వేస్తే పాడేవాడే లేక సర్కారే కొనుక్కుంది. తాను అమ్మినదాన్ని తానే తిరిగి తీసుకుని, చితికిపోయిన ఊళ్ళకు మళ్ళీ అమీన్లను పంపింది.

బారామహల్ సంగతి ఇక్కడ చెప్పాలి. 1792లో టిప్పు దగ్గర తీసుకున్న ఆ ప్రాంతంలో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో కలిసి ఊరూరూ కొలిపించి, రైతులతో నేరుగా లెక్కలు తేల్చారు. వాళ్ళు వెళ్ళిపోయాక అదే నేలను 1803 నుంచి మిట్టాలుగా కోసి అమ్మారు. నిన్నటి దాకా సర్కారుతో నేరుగా మాట్లాడిన రైతు, మర్నాటికి ఎవరో మిట్టాదారు కింద ఉన్నాడు. కొలిచిన చోట కూడా వేలమే గెలిచిందంటే, కలకత్తా ఆదేశం ఎంత బరువుగా దిగిందో తెలుస్తుంది.

1803లో మద్రాసు గవర్నరుగా వచ్చిన విలియం బెంటింక్ ఈ లెక్కలు చూసి వెనక్కి తగ్గాడు. ముందు జమీందార్లే లేని చోట కొత్తగా జమీందార్లను పుట్టించడం వల్ల పేదలకు మేలు లేదు, ప్రభుత్వానికీ క్షేమం కాదు అని 1806లో రాశాడు. విలియం థాకరేను జిల్లాలు తిరిగి చూసి రమ్మన్నాడు. థాకరే 1807లో రైత్వారీ వైపు మొగ్గుతూ నివేదిక ఇచ్చాడు. అదే ఏడు ఆగస్టులో దత్త మండలాల నుంచి మన్రో తన ప్రతిపాదన పంపాడు. బళ్ళారి, కడప సీమల్లో శిస్తును నాలుగో వంతు తగ్గించండి, బావులూ చెరువులూ ఉన్న నేలకు ఇంకో నూటికి ఎనిమిది తగ్గించండి, ఆ మీదట రైతుతోనే శాశ్వతంగా ఖాయం చేయండి అన్నాడు.

రెవెన్యూ బోర్డులో జాన్ హాడ్జ్‌సన్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. ప్రతి రైతు పొలం దగ్గరికీ సర్కారు మనిషి వెళ్ళడం అంటే ఊరి మీద చిన్న ఉద్యోగుల పెత్తనం రుద్దడమే అన్నది అతని వాదన. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఏటా జమాబందీ రోజుల్లో శిరస్తాదారు, అమీను, కరణం చేసిన పెత్తనం ఎలాంటిదో రాయలసీమ రైతుకు తర్వాత వందేళ్ళు తెలిసింది. 1806 నాటి వెల్లూరు సిపాయిల తిరుగుబాటు తర్వాత 1807లో బెంటింక్‌ను వెనక్కి పిలిపించారు, మన్రో సెలవు మీద వెళ్ళిపోయాడు. 1808లో బోర్డు మాట నెగ్గి, ఊళ్ళకు ఊళ్ళే మూడేళ్ళ గుత్తకు ఇవ్వడం మొదలైంది. అది కూడా విఫలమైంది.

లండన్ వైపు నుంచి చూస్తే ఇదంతా ఒక అమ్మకపు బేరం తారుమారవడమే. శాశ్వతం అంటే శిస్తు పెరగదు. యుద్ధాల ఖర్చు పెరుగుతోంది. బెంగాల్లో ఇచ్చేసినదాన్ని తలుచుకుని డైరెక్టర్లకు అప్పటికే దిగులు పట్టుకుంది. తమ అనుమతి లేకుండా ఇక ఎక్కడా శాశ్వత ఒప్పందం చేయవద్దన్నారు. 1812లో పార్లమెంటు కమిటీ ఇచ్చిన ఐదో నివేదిక మద్రాసు కథనంతా బయటపెట్టింది. 1814లో మన్రో కమిషనరుగా తిరిగొచ్చాడు, 1820లో గవర్నరు అయ్యాడు. అమ్ముడుపోని చోట్ల, తిరిగొచ్చిన ముఠాల్లో రైత్వారీ వచ్చింది. దత్త మండలాలకు శిస్తు తగ్గింపూ అప్పుడే అమలైంది. 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయేదాకా మన్రో ఆ పని మీదే ఉన్నాడు.

రాయలసీమలో మన్రో పేరు పిల్లలకు పెట్టుకున్నారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. వేలాన్ని ఎదిరించిన మన్రో పక్షమూ, వేలం వేసిన వెల్లెస్లీ పక్షమూ ఒక విషయంలో ఒకటే: పంటలో పెద్ద వాటా సర్కారుది. ఆ వాటాను మధ్యలో ఒకడికి అమ్మేయాలా, సర్కారే నేరుగా తీసుకోవాలా అన్నంతవరకే వాళ్ళ తగవు. వాటా అంత ఉండాలా అన్న ప్రశ్నను మన్రో కొంత అడిగాడు, నాలుగో వంతు తగ్గించమన్నాడు. మిగిలినవాళ్ళు అదీ అడగలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఒక సవరణ

1822లో, మన్రో గవర్నరుగా ఉండగా, మద్రాసు ప్రభుత్వం 4వ రెగ్యులేషన్ తెచ్చింది. చాలా చిన్నది. 1802 నాటి 25, 28, 30 రెగ్యులేషన్లలో రాసినదేదీ భూమి మీద ఎవరికైనా అప్పటికే ఉన్న హక్కులను నిర్ణయించడానికి గానీ, తగ్గించడానికి గానీ, పోగొట్టడానికి గానీ ఉద్దేశించింది కాదని అందులో ప్రకటించారు.

అంటే ఏమన్నట్టు? మేము సొంతదారు హక్కు అని రాసి అమ్మాం, కానీ రైతుకు ముందునుంచీ ఉన్నదాన్ని అమ్మలేదు అని. వేలం జరిగిన రోజు పాటదార్ల ఎదుట చదవాల్సిన మాట, ఇరవై ఏళ్ళ తర్వాత గెజిట్టులోకి ఎక్కింది. ఈ మధ్యలో ఊళ్ళు చేతులు మారాయి, కవిలెలు మారాయి, ముఠాదారు తీసుకునే పంట వాటా పెరిగింది. ఫలానా చెక్క మీద 1802కు ముందే నా తాతకు హక్కు ఉందని రైతు కోర్టులో రుజువు చేయాలి. రుజువు ఎక్కడుంది? ముఠాదారు కరణం దగ్గర.

నందన నామ సంవత్సరంలో, 1832–33లో, గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. లక్షకు పైగా జనం పోయారు. కరువుకు కారణం వాన లేకపోవడం, అది ముఠాల వల్ల రాలేదు. కానీ తెగిన చెరువులు, పాతర్లలో గింజ మిగలని రైతులు, పంట పోయినా మారని పేష్కషు కలిసి వాన లేమిని చావుగా మార్చాయి. ఆ తర్వాత బకాయిల కింద చాలా ఎస్టేట్లు సర్కారు చేతికి వచ్చాయి. రాజమండ్రి జిల్లా పరిస్థితి మీద 1844లో హెన్రీ మాంట్‌గమరీ, గుంటూరు మీద 1846లో వాల్టర్ ఇలియట్ విచారణ చేసి నివేదికలిచ్చారు. గోదావరి మీద కాటన్ ఆనకట్ట 1847లో మొదలైంది ఈ నేపథ్యంలోనే.

మళ్ళీ అదే బేరం, ఈసారి బంజర్లు

1857 తర్వాత కంపెనీ పోయి రాణి ప్రభుత్వం వచ్చింది. అమ్మకం ఆలోచన పోలేదు. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై మాంచెస్టరు మిల్లులకు పత్తి ఆగిపోయింది. అస్సాంలో తేయాకు, నీలగిరి, వైనాడు కొండల్లో కాఫీ తోటలు వేయడానికి తెల్లదొరలు ఎగబడుతున్నారు. భూమి మాకు పూర్తి హక్కుతో, శిస్తు లేకుండా అమ్మండి అని అడిగారు. 1861 అక్టోబరు 17న వైస్రాయ్ కానింగ్ బంజరు భూముల అమ్మకానికి తీర్మానం చేశాడు. అడవి కొట్టని భూమికి ఎకరా రెండున్నర రూపాయలు, కొట్టిన భూమికి ఐదు, ఒక్కరికి 3,000 ఎకరాల దాకా.

లండన్‌లో భారత మంత్రి చార్లెస్ వుడ్ ఒప్పుకోలేదు. 1862 జులైలో ఆయన పంపిన ఉత్తరంలోని షరతులు రెండు: భూమిని ముందు సర్వే చేయాలి, తర్వాత కనీస ధర పెట్టి వేలంలో అమ్మాలి. కొలవకుండా అమ్మితే సరిహద్దుల తగవులు, ఉన్నవాళ్ళ హక్కులు పోవడం ఖాయమని వాదించాడు. ఆ ఉత్తరం చేరేసరికి కానింగ్ ఈ దేశంలోనే కాదు, ఈ లోకంలోనే లేడు. జూన్‌లోనే ఇంగ్లండులో పోయాడు. అరవై ఏళ్ళ కిందట హవేలీ ఊళ్ళ విషయంలో లండన్ నుంచి ఈ షరతు వచ్చి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది. 1863లో వచ్చిన 23వ చట్టం, బంజరు మీద హక్కు ఉందనేవాళ్ళు చెప్పుకోవడానికి కనీసం మూడు నెలల నోటీసు ఇవ్వాలంది. కొండల్లో చదువురాని మందల కాపర్లకు ఆ నోటీసు ఎలా తెలుస్తుందన్నది చట్టం పట్టించుకోని సంగతి.

ఈ రోజుల్లో మద్రాసు గవర్నరు విలియం డెనిసన్. 1861లో నేరుగా ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చాడు. అక్కడ సర్కారు భూమికి ఎకరా ఒక పౌను కనీస ధర. దాని మీద గొర్రెల మందలవాళ్ళకూ కొత్తగా వచ్చిన చిన్న రైతులకూ మధ్య పెద్ద రాజకీయ పోరాటం నడుస్తోంది. భూమి అమ్మకం ఆ సామ్రాజ్యం పొడుగునా తగవే. మైదాన తెలుగు జిల్లాల్లో మాత్రం కానింగ్ తీర్మానం పెద్దగా పారలేదు. ఇక్కడ రైత్వారీ ఊళ్ళలో బంజరు కావాలంటే రైతు తహసీల్దారుకు దరఖాస్తు పెట్టుకుంటే చాలు, ధర లేదు, శిస్తు కడితే పట్టా. ఉత్త పుణ్యానికి దొరికేదాన్ని ఎవరు కొంటారు? బంజరు కోసం దరఖాస్తు పెట్టుకుని పట్టా తెచ్చుకునే ఆ అలవాటు, సర్కారు పేదలకిచ్చే డి-పట్టాల రూపంలో, అసైన్డ్ భూముల రూపంలో ఇప్పటికీ మన ఊళ్ళలో ఉంది.

వేలం వేసిన ముఠాల దగ్గరికి మళ్ళీ వద్దాం. 1908లో మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం వచ్చి, ఎస్టేటు రైతుకు తన చెక్క మీద శాశ్వత అనుభవ హక్కు ఉందని ఒప్పుకుంది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. జిల్లాలు తిరిగి, రైతులూ జమీందార్లూ చెప్పింది విని, 1802 నుంచి కాగితాలన్నీ తవ్వి, మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. భూమికి సొంతదారు రైతే, జమీందారుకు ఉన్నది శిస్తు వసూలు చేసే హక్కే అని తేల్చింది. దాన్ని చట్టం చేసేలోగా 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం, ఆ ఏటి 26వ నంబరుది, వచ్చింది. మరుసటి ఏటి నుంచి ఒక్కో ఎస్టేటునూ నోటిఫై చేసి సర్కారు స్వాధీనం చేసుకుంది. ఎస్టేటుదారుకు పరిహారం కట్టింది. హవేలీ ముఠాల్లో అప్పటిదాకా నిలిచినవి కూడా అందులో ఉన్నాయి. 1802లో సర్కారు వేలంలో అమ్మి డబ్బు తీసుకున్న హక్కును, సుమారు 150 ఏళ్ళకు సర్కారే డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. 11వ సెక్షన్ కింద దున్నే రైతుకు రైత్వారీ పట్టా వచ్చింది. చెరువులు, బాటలు, పశువుల బీళ్ళు సర్కారు ఖాతాలోకి వెళ్ళాయి. ఆ ఊళ్ళకు మొదటిసారి గొలుసు పట్టి సర్వే చేసింది చాలా చోట్ల అప్పుడే. సర్వే నంబరు, విస్తీర్ణం, రైతు పేరు ఒక్క వరసలో రాశారు. పొలం కొనే ముందు లాయరు చూడమనేది ఆ వరసనే.